బీరువా మీది దోమతెర

పార్వతీపురం చుట్టుపక్కల నూట ఆరు ఊళ్ళలో దోమల చేత మూటాముల్లె సర్దించి, పొలిమేర దాటించిన ఒకే ఒక్క ఆడమనిషి ఇవాళ బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, చైల్డ్‌కేర్ సెంటర్లో పిల్లల ముక్కులు తుడుస్తోంది. పేరు శేషుకుమారి. ఆవిడ ఆటో ఊళ్ళోకి వస్తోందంటే దోమలు కుట్టడం మానేసి చెవులు మూసుకునేవి. దోమలకి చెవులుంటాయా అని అడిగేవాళ్ళు ఆవిడ మైకు వినలేదన్నమాట.

అప్పుడావిడకి ముప్ఫై ఏళ్ళు. విజయనగరం మనిషి. మందు పట్టించిన దోమతెరల్ని పల్లెల్లో చవగ్గా అమ్మే ఒక సంస్థలో ప్రచారం పని. ఊరికే పంచితే కోళ్ళగంపల మీద కప్పేస్తారనీ, చేతిలోంచి కాస్త సొమ్ము పెట్టి కొన్నదాన్నే జనం కళ్ళకద్దుకుంటారనీ ఆ సంస్థ నమ్మకం. సబ్బులూ షాంపూలూ అమ్మినట్టే, జబ్బు రాకుండా ఉండడాన్ని కూడా అమ్మాలి. మొదటి ఏడాది చీమ కూడా కొనలేదు. "మలేరియా వస్తే ప్రాణాలు పోతాయి" అని మైకులో అరిస్తే, "పొద్దున్నే ఆ మాటలేంటే, నీ నోట్లో మన్నుపడా" అని ముసలమ్మలు ఆటో వెంటపడ్డారు.

అప్పుడు శేషుకుమారి బుర్రలో సారె వెలిగింది. పెళ్ళికూతురితో పాటు అత్తారింటికి మంచం వెళ్తుంది, పరుపు వెళ్తుంది, బీరువా, బిందెలు వెళ్తాయి. దోమతెర ఎందుకు వెళ్ళకూడదు? ఆఫీసుతో పోట్లాడి తెల్లతెరని గులాబీరంగులోకి మార్పించింది. అంచుకి జరీ రిబ్బను కుట్టించింది. పైన తళతళలాడే ప్లాస్టిక్ కవరు, దాని మీద తలంబ్రాలు పోసుకుంటున్న జంట బొమ్మ. మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలవగానే ఆటో ఎక్కి మైకు అందుకుంది.

"పెళ్ళికూతురి నాన్నగారూ! అల్లుడికి మంచం ఇచ్చారు, పరుపు ఇచ్చారు. మరి తెర ఏదండీ? అల్లుణ్ణి దోమలకి విందు పెడతారా?"

ఊరంతా విరగబడి నవ్వేది. పెళ్ళికూతురి తండ్రి ఒక్కడే తల గోక్కుంటూ ఆటో దగ్గరికి వచ్చేవాడు. ఒకాయన ముగ్గురు కూతుళ్ళకి మూడు కొని, భార్య కడుపులో ఉన్నదానికి కూడా ఇంకొకటి పక్కన పెట్టమన్నాడట. కొడుకు పుడితే మాత్రం వాపసు తీసుకోవాలని షరతు. రెండు పెళ్ళిళ్ళ సీజన్లలో పదకొండు వేల తెరలు కదిలాయి. పక్క జిల్లాల నుంచి ఆఫీసర్లు వచ్చి, ఆవిడ మైకు ఎలా పట్టుకుంటుందో నోట్సు రాసుకున్నారు.

ఈ కథని బ్రిస్బేన్ తెలుగువాళ్ళలో చెప్పి చెప్పి నున్నగా అరగదీసినవాడు ఆవిడ భర్త సుబ్బరాజు. పన్నెండేళ్ళ కింద మెకానిక్ వీసా మీద వచ్చాడు. కార్లు బాగుచెయ్యడంలో ఎంత దిట్టో భార్య గొప్పలు చెప్పడంలో అంతకు రెట్టింపు. ఆయన చెప్పినప్పుడల్లా ఊళ్ళు నాలుగైదు పెరిగేవి. శేషుకుమారి అవునని అనేది కాదు, కాదనీ అనేది కాదు. ప్లేట్లు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయేది. సిగ్గనుకునేవారు అందరూ.

ఒక శనివారం మధ్యాహ్నం, సుబ్బరాజు పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద చికెన్ తిప్పుతుంటే, స్పందన లాప్‌టాప్‌తో వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్లది నరసరావుపేట. వాళ్ళింట్లోనే ముందుగది అద్దెకి తీసుకుని, యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ చదివి, ఈ మధ్యే సిటీలో ఒక చిన్న సంస్థలో చేరింది. ఆ సంస్థ సాలమన్ దీవుల్లో మలేరియా మీద పని మొదలుపెడుతోంది.

"ఆంటీ! ఇది మీరే కదా? పాత రిపోర్టులు తవ్వుతుంటే దొరికింది!"

ఫొటోలో గులాబీ తెర. తెరలో కొత్తకోడలు. పక్కన ముప్ఫై ఏళ్ళ శేషుకుమారి, ముఖమంతా పళ్ళే.

సుబ్బరాజు కిటికీలోంచి తల దూర్చాడు. "నేన్చెప్పలేదా అమ్మా? నూట ఆరు ఊళ్ళు! ఒక్క దోమ మిగిలితే నా మీసం తీయించుకుంటా."

"మీకు మీసం ఎక్కడుంది అంకుల్?"

"అదే మరి. దోమలు లేవు, మీసం అక్కర్లేదు."

స్పందన పకపకా నవ్వి శేషుకుమారి వైపు తిరిగింది. "ఆంటీ, మీ మోడల్‌నే మా ప్లాన్‌లో పెట్టేశా. అక్కడా పెళ్ళి గిఫ్టే. ప్యాక్, రిబ్బన్, సేమ్ టు సేమ్. ఎనిమిది వేల నెట్స్. మండే మార్నింగ్ డైరెక్టర్‌తో కాల్ ఉంది, ఆవిడ ఓకే అంటే ప్యాకింగ్ ప్రింట్‌కి వెళ్ళిపోద్ది. మీరూ కాల్‌లో ఉండాలి, ప్లీజ్!"

శేషుకుమారి ఉల్లిపాయ తరగడం ఆపింది. ఆపకుండా ఉండాల్సింది, కళ్ళలో నీళ్ళకి కారణం మిగిలేది.

"బావుందమ్మా," అంది.

ఆ ఒక్క మాట అన్న పాపానికి, తన చికెన్ ప్లేటు సుబ్బరాజు ముందుకి తోసేసింది.

ఆ ఫొటో దిగింది శ్రావణంలో. అమ్మకాల్లో నువ్వే ఫస్టు, షీల్డు ఇస్తున్నాం, రిపోర్టుకి మంచి ఫొటో ఒకటి పట్రా అని ఆఫీసు కబురు చేసింది. కొండ దిగువ ఊళ్ళో, మాఘంలో పెళ్ళయిన పైడమ్మ ఇంటికి వెళ్ళింది. పైడమ్మకి ఐదో నెల. గోడకి జేరబడి, దుప్పటి మెడదాకా లాక్కుని వణుకుతోంది. తెర బీరువా మీద ఉంది. కవరు విప్పలేదు. బొమ్మలో జంట తలంబ్రాలు పోసుకుంటూనే ఉన్నారు.

"కట్టుకోలేదేంటమ్మా?"

అత్తగారు జవాబిచ్చింది. "సారె సరుకు కదా మేడమ్ గోరూ. రోజూ కడితే మాసిపోద్ది. సుట్టాలొచ్చినప్పుడు సూపిత్తన్నాం."

శేషుకుమారి ఆ వీధిలోనే ఇంకో మూడు పెళ్ళిళ్ళ ఇళ్ళకి వెళ్ళింది. మూడింటా తెర బీరువా మీదే. ఒకచోట కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

తిరిగి పైడమ్మ ఇంటికి వచ్చి, తెర విప్పించి మంచానికి కట్టించింది. "లేవనా మేడమ్?" అంటూ ఆ పిల్ల దుప్పటి పక్కన పడేసి తెరలో కూర్చుంది. ఫొటో అయ్యాక అత్తగారు పాత మడతల మీదే మళ్ళీ మడిచి, కవర్లో దూర్చి, బీరువా మీద పెట్టింది. శేషుకుమారి చూస్తూ నిలబడింది. ఇక్కడ నోరు విప్పితే పదకొండు వేలకీ నోరు విప్పాలి. "డాక్టర్‌కి చూపించండి" అని చెప్పి ఆటో ఎక్కింది.

ఆఫీసులో ఎన్ని అమ్మావని అడిగారు. ఎన్ని కట్టారని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

మూడు వారాలకి ఆ ఊరి నర్సు బస్టాండులో కనబడి చెప్పింది. పైడమ్మ బతికింది, కడుపులో బిడ్డ దక్కలేదు. షీల్డు అదే వారం ఇచ్చారు. నాలుగు నెలలకి ఉద్యోగం మానేసింది. సుబ్బరాజుకి హైదరాబాదులో పని దొరికిందని అందరికీ చెప్పింది. అదీ నిజమే కాబట్టి ఎవరూ ఇంకేం అడగలేదు.

ఆదివారం పొద్దున శేషుకుమారి గరాజులోకి వెళ్ళి ఒక అట్టపెట్టె మోసుకొచ్చి, కాఫీ తాగుతున్న స్పందన ముందు దబ్బున పెట్టింది.

"ఏంటి ఆంటీ ఇది?"

"నా సారె. పింగాణీ డిన్నర్ సెట్టు, ముప్ఫై ఆరు ముక్కలు. మా అమ్మ పెట్టింది. విజయనగరం నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చింది. ఇందులో ఎన్నిసార్లు తిన్నామో చెప్పు."

స్పందన పెట్టె వైపు చూసింది. టేపు పాతబడి పసుపుపచ్చగా ఉంది. "అసలు ఓపెన్ చెయ్యలేదు కదా."

"మనకి సారె సరుకు దాచుకోడానికే. నాకు తెలుసు. తెలిసే దోమతెరని సారెలో పెట్టాను. నీ ప్లాన్‌లోంచి అది తీసెయ్యమ్మా."

"కానీ అక్కడి జనం వేరు ఆంటీ. వాళ్ళు వాడతారేమో?"

"వాడతారేమో. నువ్వు వెళ్ళి చూశావా?"

శేషుకుమారి బీరువా సంగతి చెప్పింది, వణుకుతున్న పిల్ల సంగతి, మడతల సంగతి, బస్టాండు సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ టేపుని గోటితో గీకుతూనే ఉంది. స్పందన ముఖం ఎర్రబడింది.

"నాలుగిళ్ళలో చూసి కూడా ఎందుకు చెప్పలేదు మీరు?"

"షీల్డు ఇస్తామన్నారు."

"అంతేనా?"

"అంతే."

"నిన్న నాకైనా చెప్పచ్చు కదా. బావుందన్నారు."

"అన్నాను."

సుబ్బరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎప్పటి నుంచో తెలీదు. పాపం, నూట ఆరు ఊళ్ళు ఒక్కసారిగా ఆయన భుజం మీంచి జారిపోయాయి. "నాకెప్పుడూ చెప్పలేదేంటే?"

"మీరంత బాగా చెబుతుంటే వినబుద్ధేసేది," అంది శేషుకుమారి. భర్త ముఖం చూడలేదు.

ఆయన కూరగాయల కత్తి తెచ్చి టేపు కోశాడు. పైన ఉన్న రెండు ప్లేట్లు పగిలి ఉన్నాయి. ఏ ఊరు మారినప్పుడు పగిలాయో ఎవరికీ తెలీదు.

సాయంత్రానికి స్పందన ఆ ఫొటోని ప్లాన్‌లోంచి తీసేసింది. పైకి మాత్రం పొడిపొడిగానే ఉంది. "నేను చెబితే మా డైరెక్టర్ నమ్మదు ఆంటీ. మీ రిపోర్టే చూపిస్తుంది. రేపు మీరే చెప్పాలి," అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సోమవారం చైల్డ్‌కేర్‌లో ఒక పూట సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని శేషుకుమారి లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ షీల్డు తీసుకున్న రోజు కట్టిన చీర కాదు. అది ఎప్పుడో ఎవరికో ఇచ్చేసింది. స్పందన పక్కన కూర్చుని బల్ల కింద ఆవిడ చెయ్యి పట్టుకుంది, గట్టిగా కాదు.

డైరెక్టర్ తెల్లజుట్టు ఆవిడ. స్పందన వారం కిందట సుబ్బరాజు నోటి నుంచి విని రాసిన పరిచయం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, నవ్వుతూ ఇంగ్లీషులో పైకి చదివింది. నూట ఆరు ఊళ్ళ నుంచి దోమల్ని తరిమేసిన మనిషి మీరేనా అని అడిగింది.

"కాదండి," అంది శేషుకుమారి, పిల్లల సెంటర్లో నేర్చిన ఇంగ్లీషులో, ఒక్కో మాటే పేర్చుకుంటూ. "నేను తెరలు అమ్మాను. కట్టారో లేదో చూడలేదు. నాలుగిళ్ళలో చూశాను. చూసి ఊరుకున్నాను."