బావగారి చేతులకి నీళ్ళు పొయ్యడం

ఆ రోజుల్లో పెడనలో జబ్బంటే జ్వరమో కలరావో. మనిషికి శుభ్రం ఎక్కువైతే అదీ జబ్బేననుకునే తెలివి ఎవరికీ లేదు. పైగా మెచ్చుకునేవారు. నేను కొత్తకోడలిగా కాలుపెట్టేసరికే మా బావగారు (మా వారి అన్నగారు) ఊరందరికీ "నిప్పులు కడిగే మనిషి". ఆయనది కలంకారీ అచ్చుపని. రంగంటడం, కడుక్కోవడం అందులో మామూలే. కాని ఈయన పనిలేని రోజునా కడిగేవారు. కడగని చేత్తో చెంబు ముట్టరు కనక పొయ్యడానికో మనిషి కావాలి. ఆ మనిషిని నేను. ఏడుసార్లు కడగాలి, మధ్యలో ఎవరు పలకరించినా, నేను తుమ్మినా, లెక్క మళ్ళీ మొదటికి. సరిగ్గా ఆరోసారికి మా అత్తగారు వంటింట్లోంచి "అయిందా నాయనా?" అనేవారు. నేను పళ్ళు నూరుకునేదాన్ని. మా వారితో మొరపెట్టుకుంటే, "అన్నయ్య అలవాటే అంత. రెండు చెంబులు పోస్తే అరిగిపోతావా?" అన్నారు. (అరిగిపోతున్నవి ఆయన చేతులని మా ఇద్దరికీ తట్టలేదు.)

చివరికి వేళ్ళు పగిలి నెత్తురొచ్చింది. అచ్చు చేతిలో నిలవడం లేదు. సోమవారం పొద్దున్నే రాకపోతే ఆయన అచ్చువేసే బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని కబురుపెట్టాడు. ఆ సోమవారం లెక్క మూడోసారి మొదటికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. గాబులో నీళ్ళన్నీ జామచెట్టుకి పారబోసి, "నీళ్ళు లేవండీ, పనికెళ్ళండి" అన్నాను. మహా తెలివైనదాన్ని కదా! ఆయన తిన్నగా కాలవకెళ్ళారు.

మధ్యాహ్నమైనా రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. రేవు మెట్టు మీద కూర్చుని, పారే నీళ్ళలో చేతులు పెట్టుకుని ఉన్నారు. బల్ల పోయింది. దులిపేద్దామని నోరు తెరిచాను.

"మురికి లేదని నాకూ తెలుసమ్మా," అన్నారు తల తిప్పకుండా. "కడక్కపోతే ఏదో అయిపోద్దని గుండె దడదడలాడిపోద్ది. ఆపలేకపోతన్నా. ఇంట్లో చెప్పమాకు, పిచ్చంటారు."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా పుట్టింటివాళ్ళే అనేవారు. అలాంటిది ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఘనకార్యం చేశానని లోలోపల మురిసిపోయాను కూడా. ఏళ్ళు గడిచాక ఒక డాక్టరమ్మ, ఇలా కడగడం జబ్బేనని, దీనికో పేరుందని, వైద్యముందని, చేసేది అనవసరమని రోగికే తెలిసినా ఆపుకోలేకపోవడం దీని గుర్తని చెబుతుంటే నాకు రేవు మెట్టు మీది ఆ మాటలే వినబడ్డాయి. అప్పటికి బావగారు లేరు. ఆ రోజుల్లో బందరు ఆసుపత్రిలో ఆ వైద్యం ఉండేదో లేదో. అడిగితే కదా తెలిసేది. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, చెవి మెలిపెట్టాలనీ ఉంటుంది. జన్మంతా వాగి, వాగాల్సిన ఒక్కరోజూ నోరు మూసుకుంది.