బొమ్మకు పనికొచ్చిన గుడిసె

పోయిన నెల కంటి ఆసుపత్రికి వెళ్ళాను. కళ్ళల్లో మందు చుక్కలు వేసి, అరగంట సేపు మూసుకుని కూర్చోమన్నారు. చెప్పిన మాట వినే వయసు దాటిపోయింది కాబట్టి మధ్యమధ్యలో తెరిచి చూస్తూనే ఉన్నాను. ఎదురుగా గోడకు పెద్ద ఫోటో ఒకటి వేలాడుతోంది. మసకమసగ్గా ఒక పాత గుడిసె. రాతి గోడ, కిందికి వాలిన చూరు, కప్పు మీద అక్కడక్కడా పత్తి విత్తనాల సంచుల అతుకులు, ఎడమవైపుకు ఒరిగిన దర్వాజా. ఆ దర్వాజా ఎందుకు ఒరిగిందో ఆ ఆసుపత్రి మొత్తంలో నాకొక్కడికే తెలుసు. మా మామ బతికున్న రోజుల్లో ఎద్దు ఒళ్ళు రుద్దుకుంటే ఒరిగింది. పక్కన కూర్చున్నావిడ "ఎంత బాగుందో కదండీ, ఇలాంటి ఇళ్ళు ఇప్పుడెక్కడున్నాయి" అంటూ ఫోన్ తీసి ఆ ఫోటోకే ఇంకో ఫోటో తీసుకుంది. బాగుందండీ అన్నాను. అది మా మేనత్త గుడిసె. నాకు ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు ఎదురుచూశాను. ఏమీ అనిపించలేదు. ఇంతలో లోపలి నుంచి నా పేరు పిలిచారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను గద్వాలలో డ్రాయింగ్ మాస్టారుని. ఏ బొమ్మ వేయమన్నా పిల్లలు గుడిసే వేసేవారు. గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, వెనక రెండు కొండలు, కొండల మధ్య సూర్యుడు. పుట్టి బుద్ధెరిగి కొబ్బరితోట మొహం చూడని పిల్లలు ఆ చెట్టును మాత్రం ఆకు పోకుండా వేసేవారు. వాళ్ళను కోప్పడే అర్హత నాకు లేదు. నేనూ గుడిసెలే వేసేవాణ్ణి. స్లాబు ఇంట్లో అద్దెకుంటూ, నల్లా నీళ్ళు వాడుకుంటూ, ఆదివారం సైకిలెక్కి ఊళ్ళ మీద పడి గుడిసెలు గీసుకొచ్చేవాణ్ణి. కొత్త ఇల్లు బొమ్మకు ఏమిస్తుంది? నాలుగు తిన్నని గీతలిస్తుంది. పాత గుడిసెలో ఏ రెండు రాళ్ళూ ఒక్క రంగులో ఉండవు. వాన పడిన చోట నలుపు, పొగ తగిలిన చోట ఇంకో నలుపు, కప్పు మీది బోదగడ్డి పాతబడితే బూడిద రంగు. చూరు కింద నీడకైతే నా డబ్బాలో ఉన్న రంగులన్నీ కలిపినా చాలేది కాదు. లోపల ఉన్నవాళ్ళకు ఆ నీడలో తేళ్ళు కనబడేవట. ఆ సంగతి మా అత్త చెబితే నవ్వాను కూడా.

మా మేనత్తది శ్రీరంగాపూర్ దారిలో చిన్న ఊరు. మామ పోయాక సీడు పత్తి, అంటే విత్తనం కోసం పండించే పత్తి చేలల్లో కూలికి పోయేది. పిల్లలు లేరు. మామ ఉన్నప్పుడు రెండేళ్ళకొకసారి బోదగడ్డి తెచ్చి కప్పు నేసేవాడు. ఆయన తర్వాత ఆ పని చేసేవాళ్ళు లేక, కారిన చోటల్లా విత్తనాల సంచులు విప్పి కప్పి, పైన రాయి పెట్టేది. ఆమెకున్న కోరిక ఒక్కటే, కారని కప్పు కింద ఒక వానాకాలం పడుకోవాలని. నేను వెళ్ళినప్పుడల్లా "అల్లుడా, నీకు సార్లు తెలుసు గదా, జర ఇంటికి నా పేరు రాయించరాదూ" అనేది. నాకు తెలిసిన సార్లంతా బడిలో సార్లే. ఆ మాట చెబితే నమ్మేది కాదు.

అప్పట్లో హైదరాబాద్‌లో నాకొక ఫోటోగ్రాఫర్ స్నేహితుడు ఉండేవాడు. నలుగురిని వెంటబెట్టుకుని వస్తానని, శ్రీరంగాపూర్ గుడి, చెరువు అందరూ తీసేవే కాబట్టి మంచి పాత గుడిసె ఒకటి చూపించమని అడిగాడు. పట్నం కళాకారులు నన్ను అడగడమే నాకు గొప్ప. మా అత్త గుడిసె ఉంది, పదండి అన్నాను. ముందే ఆ ఊరి మనిషితో కబురు పంపాను, ఆదివారం సార్లు ఫోటో తీయడానికి వస్తున్నారు, గోడలు అలకొద్దు, సంచులు తీయొద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అని. చుట్టాలొస్తున్నారంటే ఎర్రమన్ను తడిపి ఇల్లంతా అలికే మనిషి ఆమె. అలికితే బొమ్మ చెడుతుందని నా భయం.

ఇక్కడే జరిగింది పొరపాటు. సర్కారు ఇండ్లు ఇస్తున్న కాలమది. ఇల్లు రాసేముందు గుడిసె ఫోటో తీసేవారు. మనిషిని గుడిసె ముందర నిలబెట్టి, చేతిలో రేషన్ కార్డు పట్టించి తీసేవారు. సార్లొస్తున్నారంటే ఊరి పెద్దమనుషులు కూడా అదే మాట చెప్పేవారు, గోడలు అలకొద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అని. అందంగా కనబడితే ఇల్లు రాయరని. ఫోటో అయిందంటే ఇల్లు వచ్చినట్టేనని ఊళ్ళో అందరి నమ్మకం. ఆ తర్వాత గుడిసె విప్పేసి, అదే జాగాలో కొత్త ఇంటికి సున్నంతో ముగ్గు పోయాలి. విప్పడం ఆలస్యమైతే ఇల్లు ఇంకొకరికి పోతుందని భయం. ఇదంతా నాకు తెలియనిదేం కాదు. కబురు పంపేటప్పుడు గుర్తుకు రాలేదు, అంతే.

కొత్తకోట దాటాక హైవే దిగి వాళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గుడిసె చూసి నా స్నేహితుడు "అబ్బ" అని అక్కడే నిలబడిపోయాడు. నేనే కట్టినంత సంబరపడ్డాను. మా అత్త ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, దర్వాజా ముందర తిన్నగా నిలబడి ఉంది. రెండు చేతులతో రేషన్ కార్డు ఎదకు ఆనించుకుంది.

"అమ్మా, మీరు జర పక్కకు జరుగుతారా? ఇల్లు ఒక్కటే కావాలి" అన్నాడు నా స్నేహితుడు, చాలా మర్యాదగా.

"కార్డు సారూ?"

"కార్డేమీ అక్కర్లేదమ్మా."

ఆమె పక్కకొచ్చి నా చెవి దగ్గర గుసగుసలాడింది. "మా ఊరికొచ్చేటోళ్లు కార్డు లేకుంటే ఫోటువ దియ్యరు. ఈళ్లు పెద్దసార్లు గద, కార్డు గూడ అడుగలే. ఇగ ఇల్లు వచ్చినట్టేనా అల్లుడా?"

అప్పుడు తెలిసింది నాకు. అటు స్నేహితుడు నన్ను పిలుస్తున్నాడు, ఏ మూల నుంచి తీస్తే బాగుంటుందని. "చూద్దాంలే అత్తా" అన్నాను. మా బడిలో 'చూద్దాం' అంటే కాదని అర్థం. హెడ్మాస్టరు నాతో వందసార్లు అన్న మాట. మా అత్తతో సార్లెవరూ అంత మెత్తగా ఎప్పుడూ అనలేదు. ఆమెకు అది అవునని వినిపించింది. లోపలికి పోయి అందరికీ చాయ్ పెట్టుకొచ్చింది.

బడిలో పరీక్షలు రావడంతో రెండు వారాలు అటు వెళ్ళలేదు. వెళ్ళేసరికి గుడిసె లేదు. రాళ్ళు ఒకవైపు కుప్ప, వాసాలు ఒకవైపు పేర్చి ఉన్నాయి. అత్త పక్కింటి గోడకు టార్పాలిన్ కట్టుకుని దాని కింద పొయ్యి పెట్టుకుంది. ఖాళీ జాగాలో తానే సున్నంతో గీతలు గీసుకుంది. నన్ను చేయి పట్టుకుని తిప్పి చూపించింది. "గిది అర్ర, గిది వంటిల్లు. గీడ కిటికి వెట్టిస్త, గాలొస్తది." కిటికీ దగ్గర నిలబడమంటే నిలబడ్డాను. అప్పుడు చెప్పాను నిజం. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. సున్నం గీత తొక్కకుండా పక్కకు జరిగి, "మరి సూద్దాం అంటివి గద అల్లుడా" అంది.

నిజం సార్లు ఆ నెలలోనే వచ్చారు. గుడిసె ఏదని అడిగారు. విప్పేసిన అన్నది అత్త. లేని గుడిసెకు ఇల్లెట్ల రాస్తమన్నారు. నా దగ్గర ఫోటో ఉంది కదా అని, స్నేహితుడు పంపింది పట్టుకుని అత్తను తీసుకుని ఆఫీసుకు పోయాను. గుమస్తా మంచివాడే. ఫోటో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. "ఫోటో మస్తుగుంది సార్. కానీ దీంట్ల ఈమె ఏది? ఎవరి గుడిసె అని రాసుకోవాలె?" అన్నాడు. మా అత్త కొంగులోంచి కార్డు తీసి, ఆ ఫోటో పక్కన బల్ల మీద పెట్టింది. అట్లా పెడితే పనికొస్తుందేమోనని.

మా నాన్న రేకులు కొనిచ్చాడు. నాలుగు రాతి గోడలు లేపి, రేకులు కప్పి ఒక్క గది వేశాం. కారలేదు, ఆ మాటకొస్తే. కానీ వాన పడితే ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు, ఎండాకాలం పగలు లోపల ఉండలేక పక్కింటి నీడకొచ్చి కూర్చునేది. రెండోసారి పేర్లు రాసినప్పుడు, రేకుల ఇల్లు ఉంది కదా అని ఆమె పేరు రాయలేదు. ఏడేళ్ళు అందులోనే ఉండి, అందులోనే పోయింది. మట్టి చేసి వచ్చిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిని, బస్సెక్కాను. ఆ తర్వాత గుడిసెలు వేయలేదు. ఒట్టేమీ పెట్టుకోలేదు, వేయబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం ఫోటోలన్నీ అయిపోయాక మేమందరం ఆ గుడిసె ముందరే కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ నీడల గురించి మాట్లాడుకున్నాం. పొద్దు గూకడానికి ఇంకా అరగంట ఉండింది. "అత్తా, వీళ్ళు ఇల్లిచ్చే సార్లు కాదు" అనడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు.