మిగతా రేపుగారు

మందుల షాపు నడుపుతున్న ఒక కోడలి మామగారికి ఒకే ఒక్క జబ్బుంది. దానికి షాపులో మందు లేదు. ఆయన ఏ వాదననూ పూర్తి చేయరు.

ఎదుటివాడికి ఏ పనిలో తల పండిందో చూసి, సరిగ్గా ఆ పని గురించే ఒక తలతిక్క మాట అంటారు. అతను ఉడికిపోయి నోరు తెరిచేలోగా చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "మిగతాది రేపు, పార్కులో, ఆరున్నరకి" అని వెళ్ళిపోతారు. ముప్పైయేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపిన మనిషి, రిటైరయ్యాక అన్నీ మధ్యలో తెంపుతున్నాడని పేటంతా చెప్పుకునేది. అలా ఆయన మిగతా రేపుగారయ్యారు.

"నలభైయేళ్ళు బస్సు నడిపాను తల్లీ!" షుగరు మాత్రలకొచ్చిన రిటైర్డు డ్రైవరు కౌంటరు మీద గుద్దాడు. "ఖాళీ బస్సు కంటే నిండు బస్సు తొందరగా ఆగుతుందట! వింటే నవ్విపోరూ?"

"ఆయన మాటలు పట్టించుకోకండి బాబాయ్‌గారూ."

"పట్టించుకోకుండా ఎలా? రేపు పొద్దున్నే వెళ్ళి కడిగేస్తా!"

వెనకే టైలరు తాత. గుండీ కుట్టడం కంటే కాజా కుట్టడం తేలికన్నందుకు ఆయనకి మూడు రోజులుగా నిద్ర లేదట. ఇలా ప్రతి పెద్దాయనా మందుల చీటీతో పాటు ఒక ఫిర్యాదూ తెచ్చేవాడు. కోడలు తల వంచుకుని రెండూ అందుకునేది.

ఈసారి మాత్రం మామగారు హద్దు దాటారు. వీధి చివర ఇంట్లో ఉండే జాగ్రఫీ టీచరు, ఈ కోడలికి చిన్నప్పుడు పాఠాలు చెప్పినావిడ. తోడుగా ఉండే అక్క చనిపోయాక నాలుగు నెలలుగా గుమ్మం దాటలేదు. పాలప్యాకెట్టు కూడా తలుపు సందులోంచే అందుకునేది. మందులివ్వడానికి వెళితే, "ఇంక నాతో ఎవరికేం పనమ్మా" అంది. కోడలి ప్రాణం ఉసూరుమంది. మనిషి కళ్ళెదుటే కరిగిపోతోందని భయపడి, "ఒకసారి వెళ్ళి పలకరించి రండి మామయ్యగారూ" అని తనే పంపింది.

పెద్దమనిషి పావుగంటలో తిరిగొచ్చారు.

"ఏం మాట్లాడారు?"

"భూమధ్యరేఖ దగ్గర ఎక్కడా మంచుండదన్నాను."

"ఆవిడతోనా! ఓదార్చమని పంపితే పోట్లాడొచ్చారా? ఆవిడేమంది?"

"అట్లాసు తేవడానికి లోపలికెళ్ళింది. ఈలోగా వచ్చేశాను."

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు షాపు తెరవకముందే క్షమాపణ చెప్పుకుందామని ఆ ఇంటికి వెళ్ళింది. తలుపుకి తాళం! ఆ వయసు మనిషి, అంత దిగులుతో, ఇంత పొద్దున్నే ఎక్కడికి వెళ్ళినట్టు? కోడలు మామగారిని పిలుద్దామని పార్కుకి పరుగెత్తింది.

గేటు దగ్గరే టీచరు గొంతు ఖంగున వినిపించింది. ఆవిడ బెంచీ మీద అట్లాసు పరిచి, మడిచిన గొడుగుని బెత్తంలా పట్టుకుని నిలబడి ఉంది.

"ఎత్తుకి వెళ్ళేకొద్దీ చలి పెరుగుతుంది. ఇదిగో ఈ కొండ, భూమధ్యరేఖ పక్కనే. నెత్తి మీద మంచు! డ్రైవరుగారూ, అర్థమైందా?"

"అయింది మేడమ్."

"టైలరుగారూ?"

"నాకెప్పుడో అయిందండీ. ఈయనకే కాలేదు."

అందరూ మిగతా రేపుగారి వైపు చూశారు. "నాకు నమ్మకం కుదరలేదు" అంటూ ఆయన లేచారు.

దారిలో కోడలు నిలదీసింది. "మీకు నిజంగా తెలీదా?"

"తెలీకేం? కానీ ఓదారిస్తే ఏడ్చి పడుకుంటుందమ్మాయ్. కోపమొస్తే చీర మార్చుకుని బయటికొస్తుంది. ఇప్పుడు ఒప్పేసుకున్నాననుకో, పుస్తకం మూసి మళ్ళీ ఇంట్లో కూర్చుంటుంది."

"మరి డ్రైవరుగారి బ్రేకులు?"

"మోకాళ్ళ నొప్పులని మంచం దిగేవాడు కాదు. ఇప్పుడు చూడు, నా మీదికి ఎలా పరుగెత్తుకొస్తున్నాడో!"

కోడలికి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఈయన తరఫున ఊరందరికీ క్షమాపణలు చెప్పుకున్నందుకు సిగ్గూ వేసింది.

సాయంత్రం టీచరు ఫోన్ చేసింది. "ఏమ్మా, మీ మామగారు ఒప్పుకున్నారా?"

మామగారు పక్కనే కుర్చీలో కునుకు తీస్తున్నారు.

"ఎక్కడ టీచర్! మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా అక్కడ మంచే లేదని బల్ల గుద్ది మరీ చెప్పారు" అని కోడలు తడుముకోకుండా అబద్ధమాడింది.

"అలాగా!" టీచరు గొంతులో హుషారు ఉరకలేసింది. "మా అటక మీద ఇంతకంటే పెద్ద అట్లాసుంది. దింపడానికి ఆ డ్రైవరుగారిని ఓసారి మా ఇంటికి పంపించమ్మా."