పెద్దనాన్న ముఖంలో నడిమి ఛాయలు

పెద్దనాన్న కనబడకుండా పోయిన రోజు, ఆయన ఫోటో ఒక్కటే మంచిది దొరికింది. కేజీఎఫ్‌లో మా ఇంటి వసారాలో నేనే ఫోనుతో తీసినది. అక్కడి బంగారు గనిలో గుమాస్తాగా పనిచేసిన మనిషి. పెళ్లి చేసుకోలేదు, మా దగ్గరే ఉండేవాడు. రెండేళ్లుగా మతిమరుపు. ఆ పొద్దున తలుపు గడియ వేయడం మరిచింది నేనే.

పోలీసులకు చెప్పి, దగ్గర్లోని జెరాక్స్ అంగడిలో ఒక కట్ట కరపత్రాలు తీయించాను. తొందరలో సరిగా చూడలేదు. దారి పొడుగునా అంటించుకుంటూ, వేమగల్ ఊరిదాకా వెళ్లి, సాయంత్రానికి వెనక్కి కోలారు వచ్చాను. బస్టాండులో ఒక కండక్టరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో ముఖం యాడుండాదని అడిగాడు. అప్పుడు చూశాను. ఒక నల్లటి ముద్ద, దాని మీద తెల్లటి జుట్టు. అంతే.

పక్క వీధిలోని ప్రెస్సుకు పరుగెత్తాను. దాన్ని నడిపే ఆమె ఫోటోను కంప్యూటరులో తెరిచింది. వెలుగు పెంచమన్నాను. పెంచితే ముఖం పౌడరు పూసినట్టు పాలిపోయింది, ముడతలన్నీ మాయమయ్యాయి. ఈయన మా పెద్దనాన్న కాదన్నాను.

“ఉండప్పా,” అందామె. “మనిషిని గుర్తుపట్టేది నలుపులోనూ కాదు, తెలుపులోనూ కాదు. రెంటికీ నడిమి ఛాయలుంటాయే, దవడ గుంట, కంటి కింద సంచి, అన్నీ ఆడుండాయి. ఆ జెరాక్స్ వాటినే మింగేసింది.”

నలుపునూ తెలుపునూ కదపకుండా, మధ్యలోని బూడిద రంగులను మాత్రం కొంచెం కొంచెంగా తేల్చింది. కాగితం మీద సిరా ఇంకి ఇంకా ముదురుతుందని, తెర మీద కాస్త లేతగానే ఉంచింది. బయట బస్సులు ఒక్కొక్కటే వెళ్లిపోతుంటే నాకు కాలు నిలవలేదు. చివరికి పెద్దనాన్న దవడలు తేలాయి.

తెల్లవారగానే పాత కాగితాల మీదే కొత్తవి అంటించుకుంటూ వెళ్లాను. మధ్యాహ్నం వేమగల్ నుంచి ఫోను. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే ఆమె. బస్సు షెల్టరులో ఒక పెద్దాయన నిన్న సాయంత్రంనుంచీ కూర్చుని ఉన్నాడని, నిన్నటి కాగితంతో పోల్చుకోలేకపోయానని, ఇవాళ్టిది చూడగానే తెలిసిపోయిందని చెప్పింది.

నేను వెళ్లేసరికి ఆమె పెట్టిన సంగటి తింటున్నాడు. “ఇంత లేటు చేసినావేమప్పా?” అన్నాడు. ఆయన పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు నెలకోసారి ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోటో తీస్తాను. వెంటనే పెద్దది చేసి, బుగ్గల దగ్గర, కళ్ల కింద వెతుకుతాను. అన్నీ కనబడేదాకా మళ్లీ మళ్లీ తీస్తాను.