రాజన్న ఎడమ భుజం

1997 మార్చి 14, శుక్రవారం. గల్ఫ్‌లో, అల్ ఘర్రాఫా దగ్గరి ఇసుక మైదానంలో రాజన్న ఆ రోజు 131 బంతులు విసిరాడు. స్టోర్‌కీపర్ హమీదుద్దీన్ సిమెంటు సంచి కాగితంపై గీతలు గీసి లెక్కపెట్టాడు. వాళ్ల కంపెనీ గెలిచింది.

ఆట బేస్‌బాల్. బంతి నేలను తాకకుండా నేరుగా బ్యాటు ముందుకు విసరాలి. జగిత్యాల వైపు జొన్నచేలలో వడిసెలతో పిట్టలను తోలిన రాజన్నకు ఆ ఆట పేరైనా తెలియదు. 1992లో, ఇక్కడికి పనికొచ్చిన కొత్తలో, పచ్చి కాంక్రీటుపై వాలుతున్న పావురాల మీదికి అతడు ఎడమ చేత్తో రాయి విసరడం కంపెనీలోని కొరియా ఇంజనీరు చూశాడు. మరుసటి శుక్రవారమే అతడి చేతికి బంతి ఇచ్చాడు. ఐదేళ్లలో డెబ్బై నాలుగు ఆటలు; ఓడినవి తొమ్మిది. ఎదుటి జట్ల ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు బ్యాటు పట్టకముందే నిట్టూర్చేవారు.

ప్రతిఫలం స్టోరులో డ్యూటీ: నీడ, ఏసీ. అదీ విసిరినంత కాలమే. విసరడం ఆగితే మళ్లీ ఎండలో స్టీలు కట్టే పని. వారానికున్న ఒక్క సెలవూ ఆటకే పోయేది.

రంజాన్ నెల చివరి నుంచి భుజం సరిగా లేవడం లేదు. క్యాంప్ మెస్‌లో ఎవరూ గమనించలేదు. ఎడమచేతివాటమైనా, చిన్నప్పుడు తల్లి కొట్టి నేర్పినందున అన్నం కుడి చేత్తోనే తినేవాడు. ఆ సాయంత్రం మాత్రం అతడు చొక్కా విప్పలేక ఆగిపోవడం హమీదుద్దీన్ కంటబడింది.

"ఎన్నాళ్ల సంది దాస్తున్నవ్ భాయ్?"

"నెల దాటింది."

"ఇంజనీరుకు చెప్పు. వచ్చే శుక్రవారం ఫైనల్."

"చెప్తే స్టోరు మాఫీ, మళ్ల ఎండలకే. నీకేంది, ఏసీల కూసొని గీతలు గీస్తవ్."

"చెప్పక గీ చెయ్యితోనే ఇసురుతవా?"

"ఇసురుత. పావురాలు గూడ లెవ్వయ్."

ఇద్దరూ నవ్వారు. రాజన్న ముందుగా ఆపేశాడు.

మరునాడు ఉదయం రాజన్నే ఇంజనీరు దగ్గరికి వెళ్లి, "సాబ్, హాత్ ఖతం" అన్నాడు. ఇంజనీరు భుజాన్ని రెండు వేళ్లతో నొక్కి చూశాడు. తర్వాత హమీదుద్దీన్ వైపు తిరిగి, బంతి విసరగలవాళ్లు ఇంకెవరున్నారని అడిగాడు.

తర్వాతి వారం ఫైనల్‌కు బస్సు అతడు లేకుండానే కదిలింది. శనివారం డ్యూటీ పట్టీలో అతడి పేరు అల్ సద్‌లో కడుతున్న భవనానికి, స్టీలు పనికి మారింది. హెల్మెట్, గ్లౌజులు అందిస్తూ హమీదుద్దీన్ తల దించుకున్నాడు.

"చెప్పుమన్నది నేనే గద."

"పోనీ తియ్ భాయ్. నాకూ ఇంక ఇసురుడు చాతగాలే."

రాజన్న సైటు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు గేటు దాటకముందే నిద్రపోయాడు.