కొండమావ వాటా పనసకాయ

పొద్దున నర్సీపట్నం బజారులో పనసపండు కోస్తున్నారు. ఆ వాసన తగలగానే రోలుగుంట దగ్గర మా మామ్మ పెరడు గుర్తుకొచ్చింది.

మన ఈడు వాళ్లకి కొండమావ గుర్తున్నాడా? ఒళ్లంతా బొచ్చుతో, మనిషంత ఎత్తు కోతిలా, రెండు కాళ్ల మీద నడుస్తాడని చెప్పేవారు. చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా మామ్మ ఏటా చెట్టుకి ఒక పనసకాయ కోయనిచ్చేది కాదు. "అది ఆడి వాటారా, ముట్టుకోకండి" అనేది. పండాక ఒకరోజు అది మాయమయ్యేది. ఎలుగుబంటే తినేదేమో, మాకు మాత్రం కొండమావే.

వాన పడితే గోనెపట్టా కప్పుకుని మామ్మని అడిగేవాణ్ణి, మావ తడిసిపోడా అని.

"కొండమీద రెండు బండల మజ్జిన సందుంది గదా, అందులో దూరీసుంటాడు. నువ్వు తొంగో."

ఇప్పుడు ఆ బండలు లేవు. క్రషర్ వచ్చి కొండని సగానికి పైగా తినేసింది. అలవాటు కొద్దీ ఈ ఏడు కూడా ఒక కాయ వదిలాం. అది చెట్టునే పండి, పగిలి, కిందపడి కుళ్లింది. ఈగలు తప్ప ఎవరూ రాలేదు.

సాయంత్రం జోరువాన. మా అమ్మాయికి ఇదంతా చెబుతుంటే అడిగింది: "మరి ఇప్పుడు వానొస్తే కొండమావ ఎక్కడుంటాడు నాన్నా?"

నేను తలెత్తి మా ఇంటి స్లాబు వైపు చూశాను. దాన్ని పోసింది ఆ కొండ కంకరతోనే.