తాత రోజూ చెప్పే మేలు

మా తాత దర్జీ. భోజనానికి ముందు, మెడలో టేపైనా తీయకుండా మా అందరినీ చుట్టూ కూర్చోబెడతాడు. ఆ రోజు దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పి, కళ్లు మూసుకుని దండం పెట్టాలి. నిన్నటి మేలు ఇవాళ చెల్లదు. నేను నీళ్లు నమిలితే, "ఏమే, ఆకలేస్తోందిగా, అదీ మేలే! చెప్పు" అంటాడు. నియమం మాకే. తాతది మాత్రం రోజూ ఒకటే పాట: "స్వామీ, ఈ వయసులో కూడా సూదిలో దారం ఎక్కించుకునే చూపు ఇచ్చావు." అది వినగానే నానమ్మ దగ్గుతుంది. పొద్దున్నే తాత స్నానానికి వెళ్లగానే పన్నెండు సూదులకు దారం ఎక్కించి, మిషన్ పక్కన గుడ్డకు గుచ్చి పెట్టేది ఆవిడే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనుకోరు.

మొన్న నానమ్మ తన చెల్లెలి ఇంటికి వెళ్లి రెండు రోజులు ఉండిపోయింది. తాత దారం కొసను తడిపి తడిపి, కన్ను చికిలించి, చివరికి వేలే పొడుచుకున్నాడు. నేను ఎక్కిస్తానంటే కసిరాడు. ఒకాయన కుట్టమని ఇచ్చిన కోటుకు గుండీలు పడలేదు. ఆ మనిషి రెండుసార్లు వచ్చి గొణుక్కుంటూ వెళ్లాడు. నానమ్మ తిరిగొచ్చిన పూట తాత తన వంతు వచ్చేసరికి మెడలో టేపు తీసి చుట్టాడు, విప్పి మళ్లీ చుట్టాడు. అన్నం చల్లారిపోయింది.

"స్వామీ, చూపు సంగతి వదిలెయ్. దారం ఎక్కించే మనిషిని ఇంటికి చేర్చావు."

నానమ్మ దగ్గలేదు.

"తాతా, రేపు ఇది చెల్లదు మరి" అన్నాను.

"చెల్లుతుందిలే" అంది నానమ్మ, కళ్లు తెరవకుండానే.